కండలేరు కాలువ: ఊట ఆగిన నాటి నుంచి

నెల్లూరు జిల్లా కండలేరు జలాశయం నుంచి చెన్నైకి నీళ్లు వదలడం, వెంటనే రాపూరు, డక్కిలి, వెంకటగిరి వైపు కాలువ గట్ల మీద రైతులు నీళ్లు తోడుకునే ఆయిల్ ఇంజిన్లు వెలవడం, వాటిని తీయించడానికి అధికారులు రావడం చాలా ఏళ్లుగా చూస్తున్నదే. గొడవ మళ్లీ అక్కడే రాజుకుంది. ‘నీటి దొంగలు’ అన్న మాటా మళ్లీ వినిపిస్తోంది. ఆ మాటకున్న వయసు ఇరవై ఏళ్లకు కొంచెం ఎక్కువ, అంతే.

కృష్ణా నీటిని ఈ కాలువ గుండా చెన్నైకి చేర్చే తెలుగుగంగ ప్రాజెక్టు పుట్టుక అందరికీ తెలిసిన కథే. కృష్ణా వాటాల్లోంచి మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు ఇవ్వడం, 1983 ఒప్పందం, ఎన్టీఆర్, ఎంజీఆర్ ఒకే వేదిక ఎక్కడం... వీటిని దాటేద్దాం. ఇప్పటి తగవుకు పనికొచ్చేది ఒక్క లెక్క. మొత్తం 15 టీఎంసీల్లో దారిలో 3 ఆవిరికీ ఊటకూ పోతాయనుకుని, సరిహద్దులో 12 అప్పగించాలన్నారు. జులై నుంచి అక్టోబరు లోపు 8, జనవరి నుంచి ఏప్రిల్ లోపు 4. ఆ పోయే మూడింటికి ‘నష్టం’ అని పేరు పెట్టారు. నేలలో ఇంకిన నీళ్లు ఎవరి బావిలో తేలతాయో అప్పుడు ఎవరూ అడగలేదు.

రాపూరు మండలం చెల్లటూరు దగ్గర, వెలిగొండల అంచున గుట్టలను కలుపుతూ పోసిన మట్టికట్ట పొడవు పది కిలోమీటర్లకు పైమాటే. జలాశయం సామర్థ్యం 68 టీఎంసీలు. అక్కడి నుంచి తమిళనాడు సరిహద్దు దాకా 152 కిలోమీటర్ల కాలువ. 1996లో తొలిసారి నీళ్లు సరిహద్దు దాటినప్పుడు అందులో ఎక్కువ భాగం మట్టి కాలువే. గట్లు జారేవి, నీరు ఇంకేది, వదిలినదానికీ చేరినదానికీ పొంతన ఉండేది కాదు. చెన్నై ఇంజినీర్లకు అది తలనొప్పి. గట్టు పక్క నిమ్మతోట రైతుకు మాత్రం కాలువ పారినన్నాళ్లూ బావి ఊరేది. ఎవరూ తోడలేదు కనుక దాన్ని దొంగతనం అనే వీలు లేకపోయింది.

2002లో పుట్టపర్తి సత్యసాయిబాబా ఈ కాలువను బాగుచేయిస్తామని ప్రకటించారు. ప్రభుత్వాలు ఏళ్ల తరబడి నానబెట్టిన పనిని ఆయన ట్రస్టు 2004కల్లా ముగించింది. 2003-04లో చెన్నై పడిన నీటి కటకటను చూసినవారెవరూ ఆ పనిని తప్పుపట్టలేరు. కాలువకు సత్యసాయి గంగ అనే పేరూ వచ్చింది. అయితే కాలువ లోపల కొత్తగా వేసిన సిమెంటు లైనింగు గట్టు జారకుండా చూడటంతో పాటు ఊటనూ ఆపింది. ఆపడానికే కదా వేసింది! ఆ ఊట మీద బతికిన బావుల సంగతి ఆ సంబరంలో ఎవరికీ పట్టలేదు.

ఇప్పుడు గట్టెక్కి చూస్తే నున్నటి సిమెంటు వాలు మీదుగా నల్లటి పైపు నీళ్లలోకి దిగి ఉంటుంది. కొట్టుకుపోకుండా దాని కొసకు ఒక రాయి కట్టి ఉంటుంది. పైన తాటాకుల నీడలో ఇంజిన్. వరి అయితే ఒక పంట మానుకోవచ్చు. నిమ్మచెట్టుకు ఒక్క వేసవి తడి తప్పితే ముందు ఆకు ముడుచుకుంటుంది, తర్వాత పిందె రాలుతుంది, ఆపైన కొమ్మ ఎండుతుంది. ఒప్పందంలోని రెండో విడత, ఆ 4 టీఎంసీలు, పారేది సరిగ్గా ఆ నెలల్లోనే. తెలుగుగంగ కింద 5.75 లక్షల ఎకరాలకు నీళ్లన్నప్పుడు నెల్లూరు మెట్టను కూడా లెక్కలో చూపారని రైతులు గుర్తుచేస్తున్నారు.

ప్రాజెక్టు ఖర్చులో వాటా మోశామని, 12 టీఎంసీలు ఏ ఏడూ పూర్తిగా అందలేదని తమిళనాడు అంటుంది. 2019 జూన్‌లో చెన్నై జలాశయాలు అడుగంటినప్పుడు కండలేరులోనూ వదిలేటన్ని నీళ్లు లేవు. కండలేరుకు నీళ్లిచ్చే శ్రీశైలానికి వరద వచ్చాక, సెప్టెంబరు చివర్లో గానీ గేట్లు ఎత్తలేకపోయారు. తాగునీటికే మొదటి హక్కన్నది గట్టు మీది రైతు కూడా కాదనడు. ఇంజిన్లు తీయించేముందు, లైనింగుకు ముందు వచ్చిన ఊటకు బదులుగా తూములు పెట్టి కొలిచి ఇవ్వమనే అతను అడుగుతున్నాడు.

2022లో జిల్లాలు విడిపోయాక కాలువ రెండు జిల్లాల పాలైంది. అర్జీ పట్టుకుని ఏ కలెక్టరేటుకు వెళ్లాలో తేల్చుకోవడం ఇప్పుడు రైతుకు అదనపు పని.