తొలిచూలుకే ఎందుకు?

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోన్లో మీరడిగిన దానికి సగం జవాబే చెప్పాను. "మలేరియాకి టీకా వచ్చేసిందట కదా తాతయ్యా, మళ్లీ గర్భిణుల కోసం ఇంకోటి తయారుచేయడం ఎందుకు?" అన్నారు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని కాగితం తీశాను.

టీకాలు వచ్చిన మాట నిజమే. ఒకటి కాదు, రెండు. ఆర్‌టీఎస్,ఎస్ అనే దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో, ఆర్21 అనే దాన్ని 2023లో సిఫారసు చేసింది. రెండూ చిన్నపిల్లల కోసం. దోమ కుట్టినప్పుడు ఒంట్లో పడ్డ పరాన్నజీవిని కాలేయం దగ్గరే ఆపాలని వాటి ప్రయత్నం. గర్భిణి విషయంలో అసలు గొడవ కాలేయంలో కాదు, మావిలో జరుగుతుంది.

మావి అంటే కడుపులో బిడ్డకి తల్లి రక్తం నుంచి తిండీ గాలీ అందించే అవయవం. కాన్పయ్యాక బిడ్డ వెనకాలే తనూ బయటికి వచ్చేస్తుంది. గర్భంతో పుట్టి, కాన్పుతో పోతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఇక పరాన్నజీవి సంగతి. మలేరియా తెచ్చేవాటిలో ప్లాస్మోడియం ఫాల్సిపారం మహా జిత్తులమారి. ఎర్ర రక్తకణంలో దూరి కూర్చుంటుంది. చెడిన కణాలను ప్లీహం జల్లెడ పట్టి ఏరేస్తుంది కాబట్టి, అక్కడిదాకా పోకుండా దారిలోనే ఎక్కడైనా పట్టుకుని వేలాడాలి. అందుకని తానున్న కణం పైకి కొక్కెం లాంటి ప్రోటీన్‌ని పంపి, దాన్ని రక్తనాళం గోడకి తగిలిస్తుంది. మన ఒళ్లు ఆ కొక్కేన్ని గుర్తుపట్టి యాంటీబాడీలు సిద్ధం చేసుకునేలోగా ఇంకో రకం బయటికి తీస్తుంది. దాని జన్యువుల్లో ఇలాంటివి సుమారు 60 ఉన్నాయి. వేషాల పెట్టె వెంటేసుకు తిరిగే పగటివేషగాడన్నమాట.

మలేరియా బాగా ఉన్న చోట పెరిగిన ఆడపిల్ల పెద్దదయ్యేసరికి ఆ వేషాల్లో చాలావాటిని చూసేసి ఉంటుంది. దోమ కుట్టినా జబ్బు ప్రాణం మీదికి రావడం అరుదు. అలాంటి అమ్మాయి, తొలిచూలు కాగానే, మళ్లీ మలేరియాకి లొంగిపోతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గుతుంది, అందుకే కాబోలు అనుకోవచ్చు. కానీ అదే కారణమైతే రెండో కాన్పుకీ మూడో కాన్పుకీ కూడా అంతే ప్రమాదం ఉండాలిగా? అలా లేదు. మలేరియా ఏడాది పొడుగునా ఉండే చోట్ల తొలిచూలుకి ఎక్కువ, మలిచూలుకి తక్కువ, ఆ తర్వాత ఇంకా తక్కువ. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన మెలిక ఇదే.

ముడి విప్పినవాళ్లు మిఖాల్ ఫ్రీడ్, పాట్రిక్ డఫీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. కెన్యాలో కాన్పులైన తల్లుల మావులను పరీక్షించి, అందులోని పరాన్నజీవులు కాండ్రాయిటిన్ సల్ఫేట్ ఏ అనే చక్కెర గొలుసుకి అతుక్కుంటున్నాయని 1996లో చూపించారు. మావిలో అది దండిగా ఉంటుంది. దానికి సరిపడే కొక్కేన్ని 2003లో కోపెన్‌హాగన్‌లో అలీ సలంటి బృందం పట్టుకుంది. పేరు వార్2సీఎస్ఏ.

ఇప్పుడు తొలిచూలు చిక్కు విడిపోయింది చూశారా? మావి లేనంతకాలం ఆ కొక్కేనికి తగిలించుకునే చోటే లేదు. కాబట్టి మగవాళ్లలోనూ, ఇంకా గర్భం రాని ఆడపిల్లల్లోనూ దాన్ని అడ్డుకునే యాంటీబాడీలు సాధారణంగా ఉండవు. మావి ఏర్పడగానే దొంగకి కావలివాడు లేని కొత్త గది దొరికినట్టే. ఆ కాన్పులో తల్లి ఒళ్లు పాఠం నేర్చుకుని, తర్వాతి కాన్పుకి సిద్ధంగా ఉంటుంది. కానీ ఆ చదువుకి ఫీజు కట్టేది మొదటి బిడ్డ. తల్లికి రక్తం తగ్గిపోతుంది. బిడ్డ బరువు తక్కువగానో నెలలు నిండకుండానో పుడుతుంది, ఒక్కోసారి కడుపులోనే పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2023లో ఆఫ్రికాలో మలేరియా ఎక్కువగా ఉన్న దేశాల్లో సుమారు 3.6 కోట్ల మంది గర్భిణులుంటే, వాళ్లలో 1.24 కోట్ల మందికి మలేరియా సోకింది.

నేను సూక్ష్మదర్శిని ముందు కూర్చుని స్లైడ్లు చూసి బతికినవాణ్ని. వేలు గుచ్చి తీసిన చుక్కలో ఒక్క పురుగూ కనపడకపోయినా మావి నిండా ఉండొచ్చని చాలా ఆలస్యంగా తెలిసింది నాకు. అన్నీ అక్కడే వేలాడుతుంటే వేలి కొసకి ఎందుకొస్తాయి? "మలేరియా లేదు" అని ఎంతమంది గర్భిణుల చీటీల మీద రాశానో.

ఇక టీకా. మలిచూలు తల్లి ఒళ్లు కష్టపడి నేర్చుకున్నది తొలిచూలుకి ముందే నేర్పించడమే దీని పని. వార్2సీఎస్ఏ చాలా పెద్ద ప్రోటీన్, మొత్తంగా తయారుచేయడం కష్టం. అందుకని అతుక్కోవడానికి ముఖ్యమైన ముక్కను కోసి తీసుకున్నారు. అలా చేసిన టీకాల్లో డెన్మార్క్ వాళ్ల పామ్‌వాక్‌ని జర్మనీలో, ఆఫ్రికాలోని బెనిన్‌లో పరీక్షించారు; ఫ్రాన్స్ వాళ్ల ప్రిమ్‌వాక్‌ని పారిస్‌లో, బుర్కినా ఫాసోలో. రెండూ ఒంటికి పడ్డాయి, యాంటీబాడీలూ పుట్టాయి. చిక్కల్లా, ఏ రకం పరాన్నజీవి నుంచి ఆ ముక్క తీశారో దాన్ని అవి బాగా పట్టుకున్నాయి గానీ వేరే రకాల్ని అంతగా పట్టుకోలేదు. ఈ కొక్కెం కూడా చోటుచోటుకీ కాస్త కాస్త మారుతుంది మరి. మారని భాగాన్ని వెతికి, ఒంటికి దాన్నే చూపించాలని ఇప్పుడు తంటాలు పడుతున్నారు.

ఇంకో దారి కూడా ఉంది. మావిదాకా రానివ్వడమెందుకు, మొదట్లోనే ఆపుదామని. దోమ లాలాజల గ్రంథుల్లో ఉండే దశలోని పరాన్నజీవులనే రేడియేషన్‌తో నిర్వీర్యం చేసి, బతికుండగానే టీకాగా ఎక్కిస్తారు. ఆఫ్రికాలోని మాలి దేశంలో త్వరలో బిడ్డను కనాలనుకుంటున్న 300 మంది ఆడవాళ్లతో చేసిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. కొందరికి ఒక నెలలో మూడు డోసుల టీకా, మిగతావాళ్లకి ఉత్త సెలైన్ ఇచ్చారు. రెండేళ్లలో గర్భం దాల్చిన 155 మందిని చూస్తే, తక్కువ మోతాదు టీకాకి 57 శాతం, ఎక్కువ మోతాదుకి 49 శాతం రక్షణ కనిపించింది. చిన్న పరీక్షే అయినా, బూస్టర్ లేకుండా రెండో ఏడాదిలోనూ పనిచేసిందంటే నాకు ఆశగానే ఉంది.

టీకా చేతికొచ్చేదాకా దోమతెరే దిక్కు. దానికి తోడు మలేరియా ఎక్కువగా ఉన్న ఆఫ్రికా దేశాల్లో నాలుగో నెల నుంచి సల్ఫడాక్సిన్-పైరిమెథమిన్ మాత్రలు, కాన్పులోగా కనీసం మూడుసార్లు, జబ్బున్నా లేకపోయినా వేస్తారు. ఆ మందుకి కూడా పరాన్నజీవి చాలాచోట్ల అలవాటు పడిపోతోంది.

ఆ మాత్రలు నాలుగో నెలలో మొదలంటే, అంతకుముందు మూడు నెలలూ దోమతెర తప్ప ఏం అడ్డం ఉన్నట్టు? మావి అప్పటికే పెరుగుతుంటుంది, దొంగ దూరిపోవచ్చు. పైగా చాలామంది తాము గర్భవతులమని తెలుసుకునేసరికే కొన్ని వారాలు గడిచిపోతాయి. అందుకే మాలిలో గర్భం రాకముందే టీకా వేశారు. రేపు అందరికీ వేయాల్సి వచ్చినా అంతే. ఆసుపత్రికి వచ్చే గర్భిణుల కోసం ఎదురుచూస్తే కుదరదు, ఆడపిల్లలున్న చోటికే టీకా వెళ్లాలి.

బుజ్జీ, సలంటి వాళ్లు 2015లో ఇదే కొక్కెం క్యాన్సర్ కణాలకి కూడా అతుక్కుంటుందని కనిపెట్టారు. వాటి మీదా మావిలో ఉండే చక్కెర గొలుసు లాంటిదే ఉందట. ఆ కథ ఇంకో ఉత్తరంలో రాస్తాను. అక్షరాలు అలుక్కుపోతున్నాయి, కళ్లజోడు మార్చాలి.

మీ
తాతయ్య