సైనస్ ఆపరేషన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆపరేషన్‌లో సైనస్‌ను ‘తీసేస్తారు’ కాబట్టి జబ్బు మళ్ళీ రాకూడదు.

వాస్తవం: సైనస్ అంటే ముఖ ఎముకల లోపలి గాలి గది, దాన్ని తీసేయడం ఎవరి తరమూ కాదు. గది లోపలి పొర మీదున్న సూక్ష్మమైన నూగు, శ్లేష్మాన్ని ఎల్లప్పుడూ సహజ ద్వారం వైపే నెడుతుంది. 1890లలో వచ్చిన కాల్డ్‌వెల్-లుక్ పద్ధతిలో పై పెదవి కింద కోసి, చెంప సైనస్ పొరను గీకి, ముక్కు అడుగుభాగంలోకి కొత్త దారి పెట్టేవారు; కానీ శ్లేష్మం ఆ దారిని దాటుకుని పాత ద్వారానికే పోతుంది. ఆస్ట్రియా వైద్యుడు మెస్సర్‌క్లింగర్ ఎండోస్కోపుతో (ముక్కులోకి పంపి లోపల చూసే సన్నని గొట్టంతో) ఈ ప్రవాహ మార్గాలను పరిశీలించాకే, సహజ ద్వారాన్ని వెడల్పు చేసి పొరను వీలైనంత కాపాడే నేటి ‘ఫెస్’ (ఎండోస్కోపుతో చేసే సైనస్ ఆపరేషన్) పద్ధతి రూపుదిద్దుకుంది.

అయితే వాపు తత్వాన్ని ఏ పరికరమూ మార్చలేదు. పాలిప్స్‌తో (వాపు వల్ల ముక్కులో పెరిగే మెత్తటి కండలతో) పాటు ఆస్తమా ఉన్నవారికి, ముఖ్యంగా ఆస్పిరిన్ పడనివారికి, అవి తిరిగి పెరిగే అవకాశం ఎక్కువ. తెరిచిన ద్వారం గుండా ఉప్పునీరు, స్టెరాయిడ్ మందు లోపలికంటా చేరడమే వారికి కలిగే అసలు లాభం కనుక, ఊపిరి ఆడగానే ముక్కు కడగడం మానేసేవారిని చూస్తే, నిజం చెప్పాలంటే, నాకు దిగులు కలుగుతుంది. (ఆ నీరు కాచి చల్లార్చినదై ఉండాలి, కుళాయి నీరు నేరుగా వాడకూడదు.) ఫంగస్ ఒకే సైనస్‌లో ముద్దగా పేరుకున్నప్పుడు మాత్రం దాన్ని తీసేస్తే సాధారణంగా జబ్బు నయమవుతుంది. పై దవడ పంటి వేరు నుంచి చీము పట్టినప్పుడు, పంటికి చికిత్స చేయకుండా సైనస్ ఒక్కటే తెరిస్తే ఫలితం నిలవదు.

అపోహ: ముఖం మీద కోత పడుతుంది.

వాస్తవం: ఫెస్ అంతా ముక్కు రంధ్రాల గుండానే జరుగుతుంది.

అపోహ: కంటికీ మెదడుకీ ప్రమాదమని భయపడడం వట్టి చాదస్తం.

వాస్తవం: కాదు. కంటికీ సైనస్‌కూ నడుమ ఉన్న ఎముక కాగితమంత పలుచన. మెదడు పొర కూడా దగ్గరే. తీవ్రమైన హాని నూటికి ఒక్కరికన్నా తక్కువమందికే జరుగుతుంది కానీ, ఆ కొద్దిపాటి ప్రమాదాన్ని తగ్గించడానికే సీటీ స్కాన్‌ను ముందుగా క్షుణ్ణంగా చూసుకుంటాం.

అపోహ: నొసట నొప్పి తరచూ వస్తే సైనసే, ఆపరేషన్‌తో పోతుంది.

వాస్తవం: సైనస్ అనుకునే తలనొప్పుల్లో చాలా వరకు మైగ్రేన్లే. ముక్కు దిబ్బడ, చిక్కని స్రావం, వాసన తగ్గడం వంటివి 12 వారాలకు మించి ఉండి, ఎండోస్కోపులోనో స్కాన్‌లోనో వాపు కనిపించి, సరిగా మందులు వాడినా తగ్గనప్పుడే ఆపరేషన్ మాట వస్తుంది. స్కాన్ శుభ్రంగా ఉండి తలనొప్పి ఒక్కటే ఉంటే, రోగి ఎంత బతిమాలినా నేను ఒప్పుకోను.