ఫ్లూ టీకా మీద భయం ఎక్కడ మొదలైంది?

1976 ఫిబ్రవరి. అమెరికాలోని న్యూజెర్సీలో ఫోర్ట్ డిక్స్ అనే సైనిక శిబిరం. ఒంట్లో బాగోలేకపోయినా రాత్రి కవాతుకు వెళ్ళిన ఒక కుర్ర సైనికుడు చనిపోయాడు. పరీక్షల్లో తేలింది పందుల ఫ్లూ. శిబిరంలో మరో 200 మందికి పైగా సైనికులకు అది సోకింది. 1918లో ఒక్క భారతదేశంలోనే కోటి మందికి పైగా ప్రాణాలు తీసిన ఫ్లూకు ఇది దగ్గరి చుట్టమేమోనని శాస్త్రవేత్తలకు గుబులు పట్టుకుంది.

మార్చి 24న అధ్యక్షుడు ఫోర్డ్ దేశంలో అందరికీ టీకా వేయిస్తామని ప్రకటించారు. టీకా తయారయ్యాక జబ్బు రాకపోతే పోయేది డబ్బు, టీకా లేకుండా జబ్బు వస్తే పోయేవి ప్రాణాలు. అప్పటి లెక్క అదే. ఆ లెక్కను నేను తప్పు పట్టలేను. కానీ నెలలు గడిచినా ఆ వైరస్ శిబిరం దాటి వ్యాపించలేదు. టీకాను నిల్వ చేసుకుని అవసరమైతేనే వేద్దామని పోలియో చుక్కల మందు కనిపెట్టిన సేబిన్ లాంటివాళ్ళు అన్నారు. ఆ మాట అప్పుడే వినాల్సింది. టీకా తయారీదారులకు బీమా ఇవ్వడానికి బీమా కంపెనీలు వెనక్కి తగ్గితే, నష్టపరిహారం బాధ్యతను ప్రభుత్వమే నెత్తిన వేసుకుంటూ చట్టం చేసింది. అక్టోబర్ 1న సూదులు మొదలయ్యాయి.

పదకొండు వారాల్లో 4 కోట్ల మందికి పైగా వేయించుకున్నారు. వారిలో కొందరికి కాళ్ళూ చేతులూ పట్టు తప్పాయి. గిలియన్ బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బు అది. 2025 మొదట్లో పుణె వార్తల్లో మనం విన్న జీబీఎస్ ఇదే. డిసెంబర్ 16న కార్యక్రమం ఆపేశారు. తర్వాత లెక్క వేస్తే, టీకా వల్ల అదనంగా జబ్బు పడింది సుమారు లక్షకు ఒకరు. రాని మహమ్మారి కోసం ఆ ఒక్కరు కూడా ఎక్కువే. ఇప్పటి టీకాలతో ఆ ముప్పు, ఉన్నా, పది లక్షలకు ఒకరిద్దరు. అసలు ఫ్లూ సోకినా జీబీఎస్ రావచ్చు. ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

రెండో సందేహం, ఫ్లూ టీకా ఎంత పనిచేస్తుందని. థామస్ ఫ్రాన్సిస్, జోనాస్ సాల్క్ అమెరికా సైన్యం కోసం చేసిన టీకా 1945లో మామూలు జనానికి వచ్చింది. రెండేళ్ళకే, 1947లో, వైరస్ బాగా మారిపోయి టీకా దాదాపు అక్కరకు రాలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952 నుంచి వైరస్‌ల మీద కన్నేసి ఉంచుతోంది. ఇప్పుడు ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబర్‌లో దక్షిణార్ధగోళానికి టీకాలో ఉండాల్సిన వైరస్ రకాలు ఎంపిక చేస్తారు. తయారీకి ఆరు నెలలు పడుతుంది. ఈలోగా వైరస్ మారిపోతే అంచనా తప్పుతుంది. బాగా కుదిరిన ఏడాది ఫ్లూతో డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన అవసరం 40 నుంచి 60 శాతం తగ్గుతుంది. 2014-15లో అమెరికాలో అది 20 శాతం లోపే. ఈ అంకెలు దాచకుండా చెప్పాలి. టీకా వేసుకున్నా జబ్బు పడ్డవాళ్ళకు అది ముదిరే అవకాశం తక్కువన్నదీ చెప్పాలి.

2009 మేలో మన దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు నమోదైంది హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడికి. 2015లో దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. అయినా జాతీయ టీకాల కార్యక్రమంలో ఫ్లూ టీకా లేదు. సొంత డబ్బుతో వేయించుకోవాలి. మనకు ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య ఇంకోసారి పెరుగుతుంది. టీకా బలం కొన్ని నెలల్లో తగ్గిపోతుంది కాబట్టి ఎప్పుడు వేయించామన్నది చాలా ముఖ్యం.

మా అమ్మకు డెబ్బై దాటాయి, షుగర్ ఉంది. వానలు ముదరక ముందే, జూన్‌లో వేయించాం. సూది వేసే ముందు పెట్టె అడిగి తీసుకుని, ఏ ఏడాదిది, ఏ అర్ధగోళానిది అని చూశాను.