కుడి తుంటికి ఎడంచేతి కర్ర

“నొప్పి కుడి తుంటిలో. కర్రేమో ఎడం చేత్తో పట్టుకోమంటుంది. ఆ పిల్లకి కుడీ ఎడమా తెలీదురా” అంది మా పెద్దత్త. కోడంబాకంలో వాళ్లిల్లు. తుంటి మార్పిడి ఆపరేషన్‌కి ఇంకా మూడు వారాలుంది. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి కర్ర నడక నేర్పి వెళ్లింది. ఇరవై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి కదా, నేనే తీర్పు చెప్పాలట. కాగితం మీద లెక్క వేస్తే గానీ నాకూ తేలలేదు.

నడకంటే వంతులవారీగా ఒంటికాలి మీద నిలబడటమే. కుడికాలి మీద ఉన్న క్షణంలో ఒళ్లు ఎడమకి ఒరిగిపోవాలి, ఎందుకంటే బరువు నడిమధ్యన ఉంది, ఆసరా పక్కకుంది. ఒరగనివ్వకుండా తుంటికి బయటివైపునుంచి కటి ఎముకను కిందికి లాగి పట్టేది గ్లూటియస్ మీడియస్ అనే కండరం. బలభ్రామకం (బలం ఇంటు దూరం, అంటే తిప్పే ఊపు) పాఠంలో పిల్లలకి త్రాసు బొమ్మ గీయించి వదిలేస్తాం. ఒంటికాలి మీద నిలబెట్టి ఈ సంగతి చెప్పిన రోజు లేదు, శిక్షకి మాత్రం బోలెడుసార్లు నిలబెట్టాం.

నీళ్ల కావడి తలుచుకోండి. భుజం స్థానంలో తుంటి బంతి, అంటే తుంటి గిన్నెలో తిరిగే తొడ ఎముక తల. ఒక కుండ మన ఒళ్లు, రెండో కుండ కండరం లాగుడు. ఒళ్లనే కుండ బంతికి సుమారు 10 సెం.మీ. దూరాన వేలాడుతుంటే, కండరానికి దక్కింది 5 సెం.మీ. మాత్రమే. అత్త బరువు 60 కిలోలు. ఆనిన కాలు తీసేస్తే 50. దూరం సగం కాబట్టి కండరం 100 కిలోల బలంతో లాగాలి. ఇక కావడి మోసేవాడి భుజం మీద పడేది ఒక్క కుండ కాదుగా, రెండూనూ. 150 కిలోలు! అరిగిపోయిన కీలు మీద, అడుగడుక్కీ. ఇది ఉజ్జాయింపు లెక్కే గానీ గాలిలెక్క కాదు. సెన్సర్లు అమర్చిన కృత్రిమ కీళ్లతో కొలిచినప్పుడు కూడా మామూలు నడకలో ఒంటి బరువుకి దాదాపు రెండున్నర రెట్లు తేలింది.

ఇప్పుడు కర్ర. ఎడం చేతి కర్ర కుడి తుంటికి ఓ 40 సెం.మీ. దూరాన నేలకి ఆనుతుంది. దాని మీద 6 కిలోలు మోపిందనుకుందాం. 6 ఇంటు 40, 240. ఒళ్లు ఒరిగే బలభ్రామకం 50 ఇంటు 10, 500. మిగిలిన 260ని 5తో భాగిస్తే కండరం వంతు 52. బంతి మీద, కర్ర మోసే 6 పోగా ఒంటి బరువు 44, కండరం 52, కలిపి 96 కిలోలు. ఆరు కిలోలు కడితే యాభై నాలుగు తగ్గాయి, ఏ చీటీ పాటలోనూ ఇంత గిట్టదు. అదే కర్ర కుడి చేతిలో ఉంటే? తుంటికి బయట ఆనుతుంది, నేల ఇచ్చే తోపు కూడా ఒంటిని ఎడమకే నెడుతుంది. దాన్ని సరిదిద్దుకోవడానికి మనిషి కుడికి వాలిపోయి ఊగుతూ నడవాలి.

ఇక కీలు మార్పిడి సంగతి. 1962లో ఇంగ్లండులో రైటింగ్టన్ ఆస్పత్రిలో జాన్ చార్న్లీ అనే సర్జన్ పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ గిన్నెలో చిన్న లోహపు బంతి బిగించాడు. అంతకుముందు వాడిన టెఫ్లాన్ అరిగిపోయి అవస్థలు పెట్టింది. ఇలాంటి పదార్థాలు ఒంటికి పడతాయో లేదో చూద్దామని తన తొడలోనే పెట్టుకున్న మనిషి! బంతి 22 మి.మీ. చిల్లరే. వ్యాసం తగ్గితే రాపిడి మెలిపెట్టే బలమూ తగ్గుతుందని. మళ్లీ అదే బలభ్రామకం.

ఆపరేషన్ ముందు షుగర్ అదుపు, పిప్పిపళ్లకి వైద్యం, రక్తం పలచబరిచే మాత్రలు ఎప్పుడు ఆపాలో డాక్టర్నే అడగడం, ఇవన్నీ ఆస్పత్రివాళ్లిచ్చే కాగితంలో ఉంటాయి. అత్తకి వాటితో పేచీ లేదు. పేచీ కత్తిపీటతో. నేల మీద గొంతుక్కూర్చుని కూరలు తరగొద్దు, ధనుర్మాసంలో వంగి ముగ్గు వేయొద్దు, కాలు మీద కాలు వేయొద్దు అన్నారు. పాలపొడి డబ్బా మూత స్పూనుతో ఎలా తీస్తాం? అంచుకి ఆనించి నొక్కితే మూత లేస్తుంది. మోకాలు బాగా పైకి లేచి లోపలికి తిరిగితే బంతి మెడ గిన్నె అంచుకి తగులుతుంది, ఆ అంచే ఆధారమై బంతి పైకి లేచి జారుతుంది. వెనకవైపునుంచి చేసిన ఆపరేషన్‌లో కోసి కుట్టిన కండరాలూ పొరా అతుక్కునే దాకా, అంటే 6 నుంచి 12 వారాలు, ఈ భయం ఎక్కువ. కత్తిపీట అటకెక్కింది. కమోడ్ మీద ఎత్తు సీటొచ్చింది. మంచం కాళ్ల కింద చెక్కలొచ్చాయి.

డిశ్చార్జి రోజు గుమ్మం దగ్గర కొత్త తగువు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఒంటిని పైకెత్తే పని బలమైన కాలిది. అంటే గడప మీద ఎడంకాలు ముందు పడాలి. మా పిన్ని హారతి పళ్లెంతో అడ్డం నిలబడి, ఆస్పత్రి నుంచి వస్తూ ఎడంకాలా, ససేమిరా అంది. నేను కావడి కథ ఎత్తుకోబోయాను. అత్త ఆగలేదు. వాకర్ ఎత్తి లోపల పెట్టి, ఎడంకాలు వేసింది.

“ముందు వెళ్లింది వాకర్ కదే! దానికి నాలుగూ కుడికాళ్లే.”