ఎంబసీ గేటు దగ్గర వినిపించే అపోహలు

భారత విదేశాంగ సర్వీసు (ఐఎఫ్ఎస్)లో నా ఉద్యోగం ఎక్కువగా గల్ఫ్‌లోనే గడిచింది, రాయబారిగానూ ఉన్నాను. రాయబారి గురించి మనవాళ్లు చెప్పుకునేవి వింటే, అలాంటి ఉద్యోగం నాకూ దొరికుంటే బాగుండేదనిపిస్తుంది.

అపోహ: రాయబారి ఒక్క ఫోన్ కొడితే జైల్లోంచి వదిలేస్తారు.

అందరూ అడిగేది ఇదే. అక్కడి కోర్టు మీద మాకు ఏ అధికారమూ లేదు. విదేశాల్లో చిక్కుకున్న పౌరులకు వాళ్ల ఎంబసీ చేయగల సాయం గురించి దేశాలు చేసుకున్న 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం ఖైదీని కలవొచ్చు, లాయర్‌ను ఏర్పాటు చేయొచ్చు. ఆపైన అంతా అడుక్కోవడమే. హత్య కేసుల్లో మృతుడి కుటుంబం క్షమిస్తేనే దారి దొరుకుతుంది, అది కూడా వెంటనే కాదు. సిరిసిల్ల ప్రాంతం వాళ్లు ఐదుగురు దుబాయ్ జైల్లో దాదాపు 18 ఏళ్లు ఉండి 2024లో ఇల్లు చేరారు. ఆ హత్య కేసులో చనిపోయిన నేపాలీ వ్యక్తి కుటుంబం ఎన్నో ఏళ్ల ముందే క్షమాపత్రం ఇచ్చింది!

అలాగని ఎంబసీ చేతులు కట్టుకుని కూర్చోదు. లేనివాళ్లకు లాయర్ ఫీజు, విమానం టికెట్, మృతదేహాన్ని పంపే ఖర్చు ఇవ్వడానికి 2009 నుంచి ఒక సంక్షేమ నిధి ఉంది. ఫిర్యాదుకు విదేశాంగ శాఖ వెబ్‌సైట్ మదద్ పోర్టల్ ఉంది. కానీ "మా తమ్ముడు సౌదీలో ఉన్నాడు, కాపాడండి" అని మాత్రమే రాస్తే అంత దేశంలో ఎక్కడని వెతకాలి? పాస్‌పోర్టు నంబరు, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) లేదా కంపెనీ పేరు, ఊరు రాయండి. ఖల్లివల్లి అయితే, అంటే యజమానిని వదిలేసి సరైన కాగితాల్లేకుండా ఉంటే, ఆ సంగతీ దాచకండి.

అపోహ: ఎంబసీ గేటు లోపలంతా భారత భూమి.

కాదు. నేల ఆ దేశానిదే. మిషన్ అధిపతి, అంటే రాయబారి, ఒప్పుకోకుండా అక్కడి పోలీసులు లోపలికి రాకూడదు, అంతవరకే.

అపోహ: దౌత్యవేత్త ఏం చేసినా అడిగే దిక్కు లేదు.

అక్కడి కోర్టులో క్రిమినల్ కేసు నడవదు, నిజమే. కానీ ఆ రక్షణ ఆయన్ను పంపిన ప్రభుత్వానిది, ఆయన సొంతం కాదు. ప్రభుత్వం దాన్ని వదులుకోవచ్చు. ఆతిథ్య దేశం కారణం చెప్పకుండానే ఆయన్ను వెళ్లిపొమ్మనొచ్చు.

అపోహ: ఢిల్లీ ఎవరి పేరు చెబితే వాళ్లు వెళ్లి కుర్చీలో కూర్చుంటారు.

ముందు అవతలి దేశం గుట్టుగా సరే అనాలి, ఆ తర్వాతే ప్రకటన. కొందరి పట్టింపులు మరీ చిత్రం. వాటికన్ ఉన్నది రోమ్ నడిబొడ్డున, అయినా ఇటలీకి వచ్చిన రాయబారిని తనకూ రాయబారిగా ఒప్పుకోదు. అందుకే చాలాకాలంగా స్విట్జర్లాండ్‌లోని మన రాయబారే ఆ బాధ్యత చూస్తున్నారు. అందరూ ఐఎఫ్ఎస్ వాళ్లే అయి ఉండాలని కూడా లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1949 నుంచి 1952 దాకా మాస్కోలో మన రాయబారి.

అపోహ: రోజూ పార్టీలే.

ఉంటాయి. నిలబడి నిలబడి కాళ్లు లాగుతాయి. అయితే అక్కడ పరిచయమైన కార్మిక శాఖ అధికారికే మర్నాడు జీతాలు రాని మనవాళ్ల జాబితా పంపగలిగేది.