ఊబకాయాన్ని ముందే పసిగట్టాలంటే ఒక్క అంకె చాలదు

బరువు పెరిగిపోయాక ఊబకాయం అని చెప్పడానికి తూకం మిషన్ చాలు. పెరగకముందే, ఇంకా ఐదేళ్లో పదేళ్లో టైమ్ ఉన్నప్పుడే, ఎవరికి రిస్క్ ఎక్కువో చెప్పగలగడం అసలైన పని. ఎందుకంటే ఒకసారి ఒంట్లో చేరిన బరువును తగ్గించుకుని, తగ్గింది మళ్లీ రాకుండా కాపాడుకోవడం చాలా కష్టం. తగ్గినకొద్దీ శరీరం ఆకలి పెంచుతుంది, ఖర్చు చేసే శక్తిని తగ్గిస్తుంది, మళ్లీ పాత బరువు వైపే లాగుతుంది.

మనకు బాగా తెలిసిన కొలత బీఎమ్ఐ. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. ఈ లెక్క 1830లలో బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే వేసింది, ఆయన చూసింది జనాభా సగటులనే గానీ ఒక్కో మనిషి ఆరోగ్యాన్ని కాదు. బీఎమ్ఐకి కండ ఏదో కొవ్వు ఏదో తెలీదు, ఆ కొవ్వు తొడల్లో ఉందో పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకుందో అసలే తెలీదు. అందుకే లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణులతో వేసిన కమిషన్ కూడా 2025 జనవరిలో బీఎమ్ఐ ఒక్కదాన్నే పట్టుకుని ఊబకాయాన్ని తేల్చొద్దని, నడుము చుట్టుకొలత లాంటిది ఇంకొకటైనా జత చేసి చూడాలని చెప్పింది. నడుము కొలత ఎత్తులో సగం దాటకూడదన్నది గుర్తుపెట్టుకోవడానికి తేలికైన లెక్క.

అలాగని దొరికిన టెస్టులన్నీ కలిపేస్తే అంచనా మెరుగైపోతుందనుకోకండి. లెప్టిన్ సంగతే చూడండి. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టిన ఈ హార్మోన్‌ను కొవ్వు కణాలే విడుదల చేస్తాయి, ఒంట్లో కొవ్వు ఎంత ఎక్కువుంటే రక్తంలో అదీ అంత ఎక్కువ. అంటే బరువు, నడుము, లెప్టిన్ మూడూ కలిపి చూడటం చాలావరకు ఒకే కబురును ముగ్గురి నోట వినడమే. ఒక మార్కర్‌ను, అంటే రిస్క్‌ను సూచించే కొలతను, చేర్చాలంటే ముందున్నవి చెప్పలేని సంగతి ఏదో అది చెప్పాలి.

పసిపిల్లల విషయంలో ఇది బాగా కనిపిస్తుంది. అమెరికాలో 1997లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, మూడేళ్లలోపు పిల్లలు బొద్దుగా ఉన్నా తల్లిదండ్రులిద్దరిలో ఎవరికీ ఊబకాయం లేకపోతే, పెద్దయ్యాక ఆ పిల్లలకు రిస్క్ తక్కువే. తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఉంటే మాత్రం పదేళ్లలోపు పిల్లల రిస్క్ రెట్టింపు దాటుతుంది, ఆ పిల్లలు అప్పటికి సన్నగా ఉన్నా సరే. పిల్లలు పెద్దయ్యేకొద్దీ వాళ్ల సొంత బరువే ఎక్కువ చెప్పడం మొదలుపెడుతుంది. కాబట్టి ఏ మార్కర్‌కు ఎంత విలువివ్వాలన్నది వయసును బట్టి మారుతూ ఉంటుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది పెరుగుదల గీత. పిల్లల బీఎమ్ఐ మొదటి ఏడాది పెరుగుతుంది, తర్వాత కొన్నేళ్లు తగ్గుతుంది, సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ల మధ్య అట్టడుగుకు వచ్చి మళ్లీ పైకి తిరుగుతుంది. ఊరికే ఇద్దరు పిల్లల్ని ఊహించుకోండి, ఆరేళ్లకు ఇద్దరిదీ 15.4. ఒకరిది మూడేళ్లప్పుడు 16, తర్వాత 15.6, 15.3, ఇప్పుడే పైకి తిరుగుతోంది. రెండో పాపది మూడేళ్లప్పుడు 14.8, నాలుగుకి 14.7, అక్కడినుంచే పెరగడం మొదలై 15, ఇప్పుడు 15.4. అంకె ఒకటే గానీ రెండో పాప గీత ఏడాది ముందే తిరిగింది. ఇలా ముందే తిరిగిన పిల్లల్లో తర్వాత ఊబకాయం వచ్చే అవకాశం ఎక్కువని 1984 నుంచీ తెలుసు. ఆ తిరిగే సమయంలో పాప సన్నగానే కనిపిస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు, ఒక్కసారి మాత్రమే కొలిచిన డాక్టరుకీ రాదు.

ఇక జన్యువులు. 2007లో బయటపడ్డ ఎఫ్‌టీఓ అనే జన్యువులో రిస్క్ రకం రెండు కాపీలూ ఉన్న పెద్దవాళ్లు, ఒక్కటీ లేనివాళ్లకంటే సగటున 3 కిలోల దాకా ఎక్కువ బరువుంటారు, అంతే. కానీ అలాంటి చిన్నచిన్న తేడాల్ని లక్షల్లో కలిపితే కథ మారుతుంది. 2019లో దాదాపు 21 లక్షల జన్యు తేడాలతో ఒక స్కోరు తయారుచేశారు. పుట్టినప్పుడు ఎక్కువ స్కోరున్న పిల్లలకూ తక్కువ స్కోరున్న పిల్లలకూ బరువులో పెద్దగా తేడా లేదు, 18 ఏళ్లకు మాత్రం పైనున్న పదోవంతుకూ కిందున్న పదోవంతుకూ తేడా 12 కిలోలు.

రక్తం చెప్పేది మళ్లీ వేరు. ఇన్సులిన్, ట్రైగ్లిజరైడ్లు, లూసిన్, వేలిన్ లాంటి అమైనో ఆమ్లాలు శరీరం లోపల ఇప్పుడేం జరుగుతోందో చెబుతాయి. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో రక్తంలోని వందల పదార్థాలను బట్టి ఒక్కొక్కరి బీఎమ్ఐని అంచనా కట్టారు. జీవనశైలి మార్చుకున్న వాళ్లలో ఆ రక్త పదార్థాల నుంచి లెక్కగట్టిన అంకె అసలు బీఎమ్ఐ కంటే ఎక్కువగా తగ్గింది! తూకంలో పెద్ద మార్పు లేదని నిరాశపడే వాళ్లకు ఇది ఎంత ధైర్యాన్నిస్తుందో. అయితే ఈ రక్త మార్కర్లలో చాలావరకు బరువు పెరగడానికి కారణాలో, పెరగడం వల్ల వచ్చిన ఫలితాలో విడదీయడం కష్టం, అందుకే ఇంకా సన్నగా ఉన్నవాళ్ల విషయంలో వాటిని మరీ గట్టిగా నమ్మకూడదు.

ఇవన్నీ కలిపినా వచ్చేది సంభావ్యతే. ఉదాహరణకు వెయ్యిమంది పిల్లల్లో వందమందికి ముందుముందు ఊబకాయం రాబోతోందనుకుందాం. మన పద్ధతి ఆ వందలో 80 మందిని పట్టుకుంది, మిగతా 900లో 180 మందిని కూడా పొరపాటున రిస్క్ జాబితాలో వేసింది. చాలా బాగా పనిచేసినట్టే కదా, కానీ జాబితాలో ఉన్న 260 మందిలో 180 మందికి ఏమీ రాదు. అలాంటి పిల్లలకు లావైపోతావనే ముద్ర వేసి, కంచం ముందు టెన్షన్ పెట్టడం నిజంగా హాని. అందుకని జాబితాలో పడ్డవాళ్లకు సరిపడా నిద్ర, ఆటలు, తీపి డ్రింకులు తగ్గించడం లాంటి ఎవరికీ చెడు చేయని సలహాలే ముందు ఇవ్వాలి, డైటింగ్ కాదు.

ఒక చోట తయారైన స్కోరు ఇంకో చోట పనిచేస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. 2025లో 50 లక్షల మందికి పైగా జన్యు సమాచారంతో తయారైన స్కోరు యూరప్ మూలాలున్న వాళ్లలో బీఎమ్ఐ తేడాల్లో 17.6 శాతాన్ని వివరించగలిగింది, ఉగాండా పల్లెల్లో 2.2 శాతాన్నే. ఆ సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్న వాళ్లదే, బతికే తీరులోనూ బోలెడు తేడా ఉంది. తల్లిదండ్రుల బరువు, నడుము కొలత, తేదీలతో రాసిపెట్టుకున్న పిల్లల ఎత్తూ బరువూ మాత్రం ఎవరైనా ఈరోజే మొదలుపెట్టగలిగేవి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఇవాళ్టి అంకెతో పాటు రెండుమూడేళ్ల గీతను కూడా చూడమని అడగండి.