కర్ణాటకకు వస్తే ఎస్టీ సర్టిఫికెట్ చెల్లదా? బెంగళూరు ఆదివాసీ యువతలో తిరిగే అపోహలు - వాస్తవాలు

అపోహ: రాష్ట్రం దాటితే మన ఎస్టీ సర్టిఫికెట్ పనికిరాదు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని నమ్మే చాలామంది దరఖాస్తు కూడా పెట్టడం లేదు. ఎస్టీ జాబితా ఒక్కో రాష్ట్రానికి ఒక్కోలా ఉంటుంది. లంబాడీలు ఆంధ్ర, తెలంగాణల్లో ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు. అందుకే పాడేరు నుంచో, ఉట్నూరు నుంచో వలస వచ్చినవాళ్లకు కర్ణాటక ప్రభుత్వ కోటా రాదు. కానీ ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ), ఐఐఎం బెంగళూరు వంటి కేంద్ర సంస్థల్లో, రైల్వే ఉద్యోగాల్లో ఉన్న 7.5 శాతం ఎస్టీ కోటాకు సొంత రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్టే ఆధారం. అది కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే గడువు దాటిపోతుంది. పండక్కి ఊరెళ్లినప్పుడే తీసి పెట్టుకోండి. కేంద్ర పథకం కింద పది తర్వాతి చదువులకు వచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కూడా సొంత రాష్ట్రానికే దరఖాస్తు చేయాలి. కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు.

అపోహ: స్కాలర్‌షిప్ మంజూరైందంటే డబ్బు పడినట్టే.

వాస్తవం: ఎక్కువగా ఆగేది ఇక్కడే. ఆధార్ ద్వారా వచ్చే డబ్బు, ఆధార్‌ను ఆఖరున ఏ ఖాతాకు అనుసంధానించారో అందులోకే వెళ్తుంది, ఫారంలో రాసిన ఖాతాలోకి కాదు. పనిలో చేరినప్పుడు ఇక్కడ కొత్త ఖాతా తెరిచి, తర్వాత దాన్ని వాడకుండా వదిలేస్తే డబ్బు అక్కడికి వెళ్లి తిరిగిపోతుంది. ఈ అనుసంధానాన్నే బ్యాంకుల్లో ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అంటారు. బ్యాంకుకు వెళ్లి ‘ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఏ ఖాతాకు ఉంది?’ అని అడగండి. పదో తరగతి మెమోలోనూ ఆధార్‌లోనూ ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. తేడా ఉంటే ముందుగా ఆధార్‌లోనే సరిచేయించండి.

అపోహ: టీసీ (పాత బడి ఇచ్చే బదిలీ పత్రం) లేకపోతే పిల్లల్ని బడిలో చేర్చుకోరు.

వాస్తవం: 6-14 ఏళ్ల పిల్లలకు టీసీ ఆలస్యమైందని ప్రవేశం నిరాకరించకూడదు. 2009 విద్యాహక్కు చట్టం చెప్పే మాట ఇది. భవన నిర్మాణ పనుల దగ్గర ఉండే పిల్లలకు ముందు సీటు ఇప్పించండి, కాగితాల సంగతి తర్వాత చూడొచ్చు.

అపోహ: పది ఫెయిలైతే ఇక కూలే గతి.

వాస్తవం: జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ అయిన ఎన్‌ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా పదికి కట్టొచ్చు. తెలుగు మాధ్యమం ఉంది. రిజిస్ట్రేషన్ 5 ఏళ్లు చెల్లుతుంది. పాసైన సబ్జెక్టుల్లో రెండింటి దాకా మార్కులు బదిలీ చేయించుకోవచ్చు.

అపోహ: యువ నాయకుడంటే మైకు పట్టి మాట్లాడేవాడు.

వాస్తవం: ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం జరపడం మంచిదే, జరపాలి కూడా. కానీ పిల్లల్ని చదువులో నిలబెట్టేది ఏడాది పొడవునా జరిగే పని. ఒక్కొక్కరు ఐదారుగురు పిల్లల బాధ్యత తీసుకోండి. ఒక నోటుబుక్కులో ప్రతి పిల్లకూ ఒక పేజీ ఉంచి తరగతి, టీసీ, కుల, ఆదాయ సర్టిఫికెట్లు, బ్యాంకు ఖాతా, చివరిగా బడికి వెళ్లిన తేదీ రాయండి. వరసగా మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు ఇంటికి వెళ్లాలి. ఇంట్లో కోయ, వీధిలో తెలుగు, బడిలో కన్నడ వినే పిల్లకు ఆ ఇంటి భాష తెలిసిన అక్కో అన్నో పక్కన కూర్చుని పాఠాన్ని ముందు ఇంటి భాషలో చెప్పాలి, ఆ తర్వాతే కన్నడలో చదివించాలి. నోటుబుక్కు ఒక్కరి దగ్గరే ఉంటే ఆ ఒక్కరు ఊరెళ్లిన నెలలో పని ఆగుతుంది, కాబట్టి దాన్ని ఇద్దరు చూసుకోవాలి. ఇద్దరిలో ఒకరు అమ్మాయి అయితే మేలు, ఆడపిల్లలు చదువు మానడానికి అసలు కారణం ఆమెకే చెబుతారు.